నలభై ఐదు దాటితే

నలభై దాకా మంచిదే మా జీపు.
నలభై ఐదుకాడ,
మొగిలి ఘాటు దిగేటప్పుడు
ఏదో ఒక గుంత ఎడమ చక్రం కిందికొస్తాదే,
ఇంక అంతే.
స్టీరింగు నా చేతుల్లో
వలలో పడిన కొర్రమీను.

పళ్ళు కదులుతాయి, అద్దం కదులుతాది,
అద్దానికి కట్టిన నిమ్మకాయ
అద్దంలో ఉండే తన్నే పోయి గుద్దుకుంటాది.
ముందు సీటు మునెమ్మ
చింతచిగురు గంప తొడలమీద అదిమి పట్టుకోని
"నీ బండికి చలిజొరమొచ్చిందిరా చెంగల్రాయా,
దుప్పటి కప్పు" అంటాది.
ఎనకాల పదకొండుమంది నవ్వుతారు.
నేను నవ్వను. బ్రేకు తొక్కను కూడా.
తొక్కితే ఇంకా రెచ్చిపోతాదని
మూడేండ్లుగా తెలుసు నాకు.
మెల్లిగా కాలు తీసి, ముప్పైకి దించి
బతిమాలుకోవాల దాన్ని.

పలమనేరులో టైర్లు మార్చినా.
బంగారుపాళెంలో చక్రాలకు సీసం ముక్కలు కొట్టిచ్చినా.
ఇంకొకాయన కొత్త డ్యాంపరు బిగించి
రెండువేల రెండొందలు తీసుకున్నాడు.
పద్దెనిమిది రోజులు ఊరుకునింది.
పంతొమ్మిదో రోజు పాలక్యాను మూత ఎగిరి
బడికి పోయే పిలకాయల ఒళ్ళంతా పాలు.

చిత్తూరు గిరింపేట షెడ్డులో జిలానీ బాయి
ఆ డ్యాంపరు వైపు చూసి
నోట్లో వక్కని ఇంకో దవడకు మార్చినాడు.
"ఏడ్చే బిడ్డ నోట్లో గుడ్డ కుక్కినారు కదబ్బా.
నొప్పి యాడుందో చూసిందెవురు?"
ముందు దాన్నే ఊడపీకి పక్కన పడేసినాడు.
నా రెండువేల రెండొందలు
మట్టిలో పడి దొర్లినాయి.

జాకీ ఎత్తి
చక్రం పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పెట్టి
నన్ను ఊపమన్నాడు.
తాను కింద దూరి
టై రాడ్డు చివర్లు పట్టి చూసినాడు. కాదు.
స్ప్రింగు బుష్షులు. అవీ కాదు.
కింగుపిన్ను మీద అరచెయ్యి ఆనించి
కండ్లు మూసుకున్నాడు.
"ఊపు... ఇంకోసారి... ఆ."
నిద్రలో పళ్ళు కొరికినట్టు
చిన్న టక్కు.
ఆయన చేతికే వినపడింది, నాకు లేదు.

మూత ఇప్పితే
నీళ్ళు దిగిన గ్రీజు, రాగిసంకటి రంగులో.
బేరింగు కప్పులో వరసగా సన్నటి గుంతలు,
అమ్మోరు పోసిపోయిన మొగం మాదిరి.
నాతో కలిపి పదమూడు పానాల్ని
ఆ గుంతలమీదే రోజూ ఘాటు దించినా నేను.
ఆ మాట బాయితో అన్లేదు.
ఆయనా అడగలేదు.

కొత్త బేరింగులు కొట్టినాక షిమ్ముల లెక్క.
ఒకటి ఎక్కువైతే వదులు, తక్కువైతే బిర్రు.
సిగరెట్టు పెట్టెలో వెండికాగితమంత మందం
దానిమీద ఉండాది యవ్వారమంతా.
పక్కన చింతపండు మండీలో స్ప్రింగు తక్కెడ
అడుక్కొచ్చినాడు బాయి.
కొక్కెం తగిలించి, తూకమేసినట్టు లాగినాడు.
రెండు కేజీలకే తిరిగిపోయింది.
ఒక షిమ్ము తీసినాడు. నాలుగు.
ఇంకొకటి తీసి, చొక్కాకి చెయ్యి తుడుచుకోని, లాగినాడు.
ఆరు.
"చాలు. ఈమాత్రం మొండితనం
ఎవురికైనా ఉండాల."

తక్కెడ తిరిగిస్తే
మండీ గోవిందసామి కొక్కేనికి గ్రీజు చూసి
మా వంశాలు రెండిటినీ తిట్టి
చింతపండుతోనే తోముకున్నాడు.

మర్నాడు పొద్దున మొగిలి దిగినాం.
యాభై.
అదే గుంత.
చక్రం పడింది, లేచింది, మర్చిపోయింది.
నా చేతులు మర్చిపోలా.
ఘాటు అయిపోయి చదును రోడ్డొచ్చినాక గూడా
స్టీరింగు మీదనుంచి
వేలు తర్వాత వేలు ఇప్పుకోవాల్సొచ్చింది.

మునెమ్మకు చెబుదామని తిరిగితే
గంప జారిపోతా ఉండాది ఆమె ఒళ్ళోనుంచి.
ఇన్నేండ్లలో మొదటిసారి
నా భుజంమీద తల పడేసి
నోరు తెరుచుకోని నిద్ర.
ఆకువక్క ఎంగిలి
నా తెల్లచొక్కామీద ఎర్రగా దిగతా ఉండాది.

ముందర లారీ. గేరు మార్చాల.
చెయ్యి కదిపితే తల జారతాది.

మార్చకుండా అట్లనే
కొంచేపు పోయినా.